డిస్క్ పోయిన మొదటి అరగంట

అందరికీ నమస్కారం. ఆదివారం సెలవు వదులుకుని వచ్చారు, చాలా సంతోషం. మీలో కాలేజీ ల్యాబులు చూసుకునేవాళ్ళు ఉన్నారు, ఆస్పత్రుల్లో సర్వర్లు చూసేవాళ్ళు ఉన్నారు, వెనక వరుసలో ఫోటో స్టూడియోల వాళ్ళు కూడా కనిపిస్తున్నారు. మనందరి పరిస్థితీ ఒకటే. సర్వర్ సాఫీగా నడిచినన్నాళ్ళూ మనం ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆగిన రోజున ఫోన్ల మీద ఫోన్లు. ఆ టెన్షన్‌లో, చుట్టూ నలుగురు నిలబడి "ఇంకా ఎంతసేపు" అని అడుగుతుంటే, మన చేతులు ఏదో ఒకటి చేసేస్తాయి. ఈ రోజు నేను మాట్లాడేది ఆ మొదటి అరగంట గురించి.

పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. రెయిడ్, అంటే కొన్ని డిస్కులను కలిపి కట్టిన గుంపు, పోయిందని నన్ను పిలిచిన చోట్ల చూస్తే, డిస్కులు పాడవడం వల్ల పోయిన డేటా కొంతే. పాడయ్యాక మనుషులు కంగారులో చేసిన పనుల వల్ల పోయింది అంతకంటే ఎక్కువ. అందులో నా చేతులతో పోగొట్టింది కూడా ఉంది. అదీ చెప్తాను.

రెయిడ్ ఎందుకు పుట్టిందో ముందు కాస్త గుర్తు చేసుకుందాం. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం రాశారు. అప్పట్లో పెద్ద కంప్యూటర్ల డిస్కులు విపరీతమైన ఖరీదు. వాటి బదులు చిన్న కంప్యూటర్లలో వాడే చవక డిస్కులను గుంపుగా కలిపితే వేగం వస్తుంది. కానీ గుంపు పెద్దదయ్యేకొద్దీ అందులో ఏదో ఒకటి పాడయ్యే అవకాశం కూడా పెరుగుతుంది. మరి దానికేం చేయాలి? కొంచెం చోటు అదనంగా ఖర్చుపెట్టి, పోయినదాన్ని మిగిలినవాటి నుంచి తిరిగి రాబట్టే ఏర్పాటు చేయాలన్నారు. డిస్కులు పాడవుతాయని ముందే ఒప్పుకుని కట్టిన ఏర్పాటు ఇది. కాబట్టి డిస్క్ పోవడం అనేది ప్రమాదం కింద లెక్క కాదు. అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మామూలు రోజే. ఆ రోజుకు మనం సిద్ధంగా ఉన్నామా అన్నదే విషయం.

రెయిడ్ 5 ఎలా పనిచేస్తుందో ఒక్క ఉదాహరణ చూడండి. నాలుగు డిస్కులున్నాయి. మూడింటిలో ఒకే వరుసలో 1, 0, 1 ఉన్నాయనుకుందాం. ఒకట్లు రెండు, సరి సంఖ్య. కాబట్టి నాలుగో డిస్కులో 0 రాస్తుంది. అదే 1, 1, 1 ఉంటే ఒకట్లు మూడు, బేసి. నాలుగోదాంట్లో 1 రాసి సరి చేస్తుంది. దాన్నే ప్యారిటీ అంటాం. ఇప్పుడు ఏ ఒక్క డిస్కు మాయమైనా, మిగిలిన మూడింటిని చూసి పోయినచోట ఏముండాలో లెక్క కట్టొచ్చు. రెండు మాయమైతే ఈ లెక్క తేలదు. రెయిడ్ 6లో రెండు రకాల ప్యారిటీ ఉంటుంది, రెండు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 1 అంటే ఒకే డేటాకు రెండు కాపీలు, 10 అంటే అలాంటి జతల గుంపు. రెయిడ్ 0లో రక్షణ ఏమీ లేదు, దాని సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఇక అసలు కథకు వస్తాను. మూడేళ్ళ కిందట మాఘమాసంలో ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. గోదావరి జిల్లాలో ఒక స్టూడియో, పేరు చెప్పను. "అన్నా, పెళ్ళిళ్ళ ఫోల్డర్ ఓపెన్ అవట్లేదు. రెండుసార్లు రీస్టార్ట్ చేశాం" అన్నాడు అక్కడి కుర్రాడు. గొంతు వణుకుతోంది. ఇంకేమైనా చేశారా అని అడిగాను. "ఇంకేం చేయలేదన్నా. నెట్‌లో ఒక కమాండ్ దొరికింది, కొట్టమంటావా?" అన్నాడు. "వద్దు నాన్నా. కీబోర్డ్ మీద నుంచి చెయ్యి తీసెయ్. నేను బయల్దేరుతున్నాను" అన్నాను.

ఆ కమాండ్ ఏమిటో వెళ్ళాక చూశాను. ఎండీఆడమ్‌లో క్రియేట్. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ నడిపే పనిముట్టు ఎండీఆడమ్ అని మీకు తెలుసు. అందులో క్రియేట్ అంటే కొత్త అర్రే, అంటే కొత్త డిస్కుల గుంపు, కట్టమని. ఉన్నదాన్ని లేపమని కాదు, అందుకు అసెంబుల్ అనే వేరే కమాండ్ ఉంది. క్రియేట్ కొడితే ప్రతి డిస్కు మొదట్లో ఉండే సూపర్‌బ్లాక్, అంటే ఆ డిస్కు తాను ఎవరో రాసుకున్న చీటీ, చెరిగిపోయి కొత్త చీటీ పడుతుంది. డిస్కుల వరుస ఏమిటి, ఒక్కో ముక్క ఎంత సైజు, డేటా ఎక్కడి నుంచి మొదలవుతుంది, ఈ సమాచారమంతా పాత చీటీలోనే ఉంటుంది. ఇంకో సంగతి. ఎండీఆడమ్ పాత వెర్షన్లలో ముక్క సైజు అడక్కపోతే 64 కేబీ వేసేది, ఇప్పుడు 512 కేబీ వేస్తుంది. డేటా మొదలయ్యే చోటు కూడా వెర్షన్‌ను బట్టి మారింది. కాబట్టి అప్పుడు కొట్టిన కమాండే ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా కొట్టినా పాత అర్రే తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. పైగా కొత్త అర్రే కాబట్టి వెంటనే సింక్, అంటే డిస్కులను ఒకదానితో ఒకటి సరిపెట్టడం, మొదలుపెట్టి ఉన్న డేటా మీద రాసుకుంటూ పోతుంది. ఆ కుర్రాడు ఎంటర్ నొక్కే ముందు ఫోన్ చేశాడు. ఆ ఒక్క ఫోనే ఆ రోజు వాళ్ళను కాపాడింది.

వెళ్ళగానే అర్రే ఎలా ఉందో చూపించే ఫైల్, ప్రాక్ ఫోల్డర్‌లోని ఎండీస్టాట్, చూశాను. మీరూ ఎప్పుడూ మొదట చూడాల్సింది అదే. దాన్ని చదవడం వల్ల డిస్కుల మీద ఒక్క అక్షరం కూడా మారదు. బాగున్న నాలుగు డిస్కుల అర్రేకి అక్కడ యూ అక్షరం నాలుగుసార్లు కనిపిస్తుంది. ఒక డిస్కు పోతే ఆ స్థానంలో అండర్‌స్కోర్ ఉంటుంది. ఇక్కడ అవేమీ లేవు. ఇనాక్టివ్ అని ఉంది, నాలుగు డిస్కుల పక్కనా బ్రాకెట్లో ఎస్ అక్షరం ఉంది. ఎస్ అంటే మామూలుగా స్పేర్, అదనంగా పెట్టుకున్న ఖాళీ డిస్కు. "నాలుగూ స్పేర్లయిపోయాయి, డేటా పోయింది" అని అది చూసి ఏడ్చినవాళ్ళను నేను చూశాను. కంగారు పడకండి. అర్రే ఇంకా మొదలవలేదు కాబట్టి ఎవరి పాత్ర ఏమిటో తేల్చలేదు, అందుకే అందరికీ ఎస్ పెట్టింది. డేటా గురించి ఆ అక్షరం ఏమీ చెప్పడం లేదు.

తర్వాత నాలుగు డిస్కులనూ విడివిడిగా ఎగ్జామిన్ చేశాను, అంటే ఒక్కో డిస్కు చీటీని చదివాను. వాటిని ఏ, బి, సి, డి అనుకుందాం. వచ్చిందంతా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను, స్క్రీన్ ఫోటో కూడా తీశాను. అందులో మూడు విషయాలు చూడాలి. ఆ డిస్కు చివరిసారి చీటీ రాసుకున్న సమయం, ఈవెంట్ల లెక్క, అర్రే స్థితి. అర్రేలో మార్పు జరిగినప్పుడల్లా ఈవెంట్ల అంకె పెరుగుతుంది, గుంపులో ఉన్న ప్రతి డిస్కులోనూ కలిసే పెరుగుతుంది. గుంపులోంచి పడిపోయిన డిస్కులో ఆ అంకె ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది.

నలుగురు సాక్షులను విడివిడిగా గదిలోకి పిలిచి అడిగినట్టు ఉంటుంది ఆ పని. ఆ రాత్రి సాక్షులు ఏం చెప్పారంటే, 'ఏ' డిస్కు, 'డి' డిస్కు ఇద్దరి ఈవెంట్లూ 91,377. మేమిద్దరమే ఉన్నాం, బి లేదు, సి లేదు అంటున్నాయి. సి డిస్కు ఈవెంట్లు 91,371, సమయం ఆ రోజు రాత్రి తొమ్మిదికి కొంచెం ముందు. అది మాత్రం బి ఒక్కటే లేదు, మిగతా ముగ్గురం బాగున్నాం అంటోంది. ఇక బి డిస్కు. ఈవెంట్లు 48,210. నలుగురం చక్కగా ఉన్నాం అంటోంది. దాని తేదీ చూస్తే జులై. అంటే ఆషాఢం. పెళ్ళిళ్ళు లేని నెల, స్టూడియోలో ఎవరూ పెద్దగా కూర్చోని రోజులు. అప్పుడు పడిపోయింది బి. అప్పటి నుంచి ఏడు నెలలు ఆ అర్రే మూడు కాళ్ళ మీద నడిచింది, ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి సి కూడా పడిపోయేసరికి ఆగిపోయింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. బి డిస్కు స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, తీసి చూస్తే శుభ్రంగా ఉంది, ఒక్క చెడ్డ సెక్టార్ లేదు. సి డిస్కులో మాత్రం చదవలేని సెక్టార్లు కొన్ని ఉన్నాయి. ఈ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, కొత్తగా వచ్చిన వ్యక్తిని ఏ డిస్కు తీసేయాలో అడిగితే ఏమంటాడు? సి తీసేసి ఏ, బి, డి కలిపి లేపుదాం అంటాడు. ఫోర్స్ అని చేరిస్తే ఎండీఆడమ్ లేపుతుంది కూడా. కానీ బి లో ఉన్నది జులై నాటి డేటా, మిగతా రెండింటిలో ఉన్నది ఫిబ్రవరిది. ఆ మూడింటిని కలిపి సి లో ఏముండాలో లెక్క కడితే వచ్చేది అర్థం లేని చెత్త. ఆపైన ఫైల్ సిస్టమ్‌లో తప్పులున్నాయి, సరిచేయనా అని ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్ఎస్‌సీకే కమాండ్ అడుగుతుంది. అవునని కొడితే ఆ చెత్తకు తగ్గట్టు మంచి డేటాను కూడా దిద్దేస్తుంది. అక్కడితో అయిపోతుంది. జబ్బుపడినా సి డిస్కే మనకు కావలసిన మనిషి. ఆరోగ్యంగా కనిపిస్తున్న బి కి ఏడు నెలలుగా ఏం జరిగిందో తెలియదు.

అందుకని సి ని అప్పటికప్పుడు పనిలో పెట్టలేదు. చదవలేని సెక్టార్లున్న డిస్కును మొత్తం అర్రే బరువు మోయమంటే దారిలో మళ్ళీ పడిపోవచ్చు. ఆ రాత్రికి సర్వర్ ఆఫ్ చేసి, తెల్లారాక కొత్త డిస్కు తెప్పించి, డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో సి ని కొత్తదాని మీదకు కాపీ చేశాం. మామూలు కాపీ అయితే మొదటి చెడ్డ సెక్టార్ దగ్గరే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ముందు సులువుగా వచ్చేదంతా తెచ్చుకుంటుంది, ఇబ్బంది పెట్టే చోట్లను ఒక మ్యాప్ ఫైల్‌లో రాసి పెట్టుకుని చివర్లో వాటి దగ్గరకు మళ్ళీ వెళ్తుంది. మధ్యలో కరెంట్ పోయినా ఆ ఫైల్ ఉంటే ఆగినచోటు నుంచి అందుకుంటుంది. ఆ మ్యాప్ ఫైల్ ఇవ్వడం ఎప్పుడూ మరచిపోవద్దు. ఇంకా ముఖ్యం, ఏది పాత డిస్కు, ఏది కొత్త డిస్కు అన్నది సీరియల్ నంబర్ చూసి, పక్కన ఇంకో మనిషితో చదివించి, అప్పుడు ఎంటర్ కొట్టండి. 4 టీబీ డిస్కు, పదకొండు గంటలు పట్టింది. చివరికి 96 కేబీ మాత్రం రాలేదు.

ఆ తర్వాత కూడా నేరుగా లేపలేదు. ఓవర్‌లే వేశాం. డ్రాయింగ్ క్లాసులో బొమ్మ మీద బటర్ పేపర్ పరిచి దాని మీద గీసేవాళ్ళం గుర్తుందా, అలాంటిదే. డిస్కు మీద రాయాల్సిందంతా పక్కన ఇంకో ఫైల్‌లోకి పోతుంది, అసలు డిస్కు అంటకుండా ఉంటుంది. లినక్స్‌లో డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్‌తో ఇది చేయొచ్చు. ఏ, సి కాపీ, డి, ఈ మూడింటి మీద ఓవర్‌లే వేసి, ఫోర్స్‌తో అసెంబుల్ చేసి, ఎఫ్ఎస్‌సీకేని ఏమీ దిద్దకుండా చూసి చెప్పు చాలు అనే పద్ధతిలో నడిపాం. బాగానే ఉంది. రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే వీలుగా, మౌంట్ చేసి కొన్ని వీడియోలు తెరిచాం. మొదటి వీడియోలో తలంబ్రాలు పోస్తున్నారు. స్టూడియో యజమాని కుర్చీలో కూర్చుండిపోయాడు. పెళ్ళి రెండోసారి తీయడం కుదరదు కదండీ. ఆ మనిషికి అది డబ్బు సమస్య కాదు, నలభై కుటుంబాలకు జవాబు చెప్పుకోవాలి. మొత్తం బయటి డిస్కుల మీదకు కాపీ అయ్యాకే అసలు అర్రేని ముట్టుకున్నాం. ఒక వీడియోలో కొన్ని క్షణాలు బొమ్మ చెదిరింది. మిగతాదంతా దక్కింది.

మరి సి ఎందుకు పడిపోయింది? నాలుగు చెడ్డ సెక్టార్లకే ఒక డిస్కు బయటికి పోవాలా? ఇది చాలామందికి తెలియని విషయం, అందుకే కొంచెం ఆగి చెప్తాను. అర్రే పూర్తిగా ఉన్నప్పుడు ఒక డిస్కులో ఒక సెక్టార్ చదవలేకపోతే, రెయిడ్ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్కను లెక్కగట్టి, అదే చోట మళ్ళీ రాస్తుంది. డిస్కు ఆ రాతను తీసుకుని, అవసరమైతే తన దగ్గరున్న అదనపు సెక్టార్‌కి మార్చుకుంటుంది. ఎవరికీ తెలియకుండా గాయం మానిపోతుంది. కానీ అందుకు డిస్కు "నావల్ల కావట్లేదు" అని త్వరగా చెప్పాలి. రెయిడ్ కోసం చేసిన డిస్కులు సుమారు 7 సెకన్లు ప్రయత్నించి చెప్పేస్తాయి. ఇళ్ళల్లో వాడే మామూలు డిస్కులు పట్టు వదలకుండా రెండు నిమిషాల దాకా కూడా ప్రయత్నిస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఇంటి కంప్యూటర్‌లో ఆ డేటాకు ఇంకో కాపీ ఉండదు. లినక్స్ కెర్నల్, అంటే ఆ సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రామ్, మాత్రం 30 సెకన్లే ఎదురుచూస్తుంది. తర్వాత డిస్కు చచ్చిపోయిందనుకుని కనెక్షన్‌ని రీసెట్ చేస్తుంది. డిస్కు అప్పటికీ పలకదు, రాయబోతే అదీ కుదరదు, బయటికి నెట్టేస్తుంది. ఒక సెక్టార్ సమస్య మొత్తం డిస్కు సమస్య అయిపోతుంది.

దీనికి మందు సులువు. డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే ఎస్‌సీటీ ఈఆర్‌సీ అనే సెట్టింగ్‌ను స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో 70 కి పెట్టండి. అంకె సెకనులో పదో వంతుల్లో ఉంటుంది, 70 అంటే 7 సెకన్లు. చాలా డిస్కులు పవర్ తీస్తే దీన్ని మరచిపోతాయి, కాబట్టి బూట్ అయినప్పుడల్లా నడిచేలా పెట్టాలి. కొన్ని డిస్కులకు ఈ సౌకర్యమే ఉండదు. అప్పుడు కెర్నల్ ఎదురుచూసే సమయాన్ని 180 సెకన్లకు పెంచండి. ఈ రోజు ఇక్కడి నుంచి వెళ్ళి మీరు ఒక్క పని చేయాలంటే ఇదే చేయమంటాను.

కొనేటప్పుడు ఇంకొకటి చూడండి. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు ట్రాకులు పేర్చిన డిస్కులు ఉంటాయి, ఎస్ఎంఆర్ అంటారు. ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవి కూడా మళ్ళీ రాయాలి. రీబిల్డ్‌లో, అంటే పోయిన డిస్కులోని డేటాను కొత్తదాని మీద మళ్ళీ కట్టేటప్పుడు, గంటల తరబడి రాయమంటే ఇవి చతికిలబడతాయి. రెయిడ్ కోసమని అమ్మిన కొన్ని డిస్కులు కూడా ఇలాంటివేనని 2020లో బయటపడి పెద్ద గొడవ అయింది. మోడల్ నంబర్ చూసి, సీఎంఆర్, అంటే ట్రాకులు అలా ఎక్కించని రకం, అని తేల్చుకుని కొనండి.

స్మార్ట్ రిపోర్టులో పాస్డ్ అని రాగానే తృప్తి పడకండి. పాస్డ్ అని చెప్తూనే చచ్చిపోయిన డిస్కులు నా దగ్గర చాలా ఉన్నాయి. 5వ నంబర్, అంటే ఇప్పటికే మార్చుకున్న సెక్టార్ల లెక్క, 197, అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి, 198, అంటే సరిచేయలేకపోయినవి, ఈ మూడూ సున్నా ఉండాలి. పెరుగుతుంటే డిస్కు మార్చే ఏర్పాటు చేసుకోండి. 199, అంటే కేబుల్ మీద వస్తూ డేటా చెడిన లెక్క, పెరుగుతుంటే మాత్రం డిస్కును అనుమానించే ముందు సాటా కేబుల్ మార్చండి. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఆ స్టూడియోలో బి డిస్కు ఆషాఢంలో పడిపోయింది కేబుల్ వల్లే. 199లో వందల్లో అంకె ఉంది.

మరి ఏడు నెలలు ఎవరికీ ఎందుకు తెలియలేదు? సర్వర్ చెప్పింది. అర్రే దెబ్బతింది అని రోజూ ఒక మెయిల్ రాసింది. ఆ మెయిళ్ళు రెండు వందలకు పైగా ఆ మెషీన్‌లోనే, రూట్ యూజర్ పెట్టెలో, ఎవరూ తెరవకుండా పడి ఉన్నాయి. అవి చూసినప్పుడు నాకు చాలా బాధేసింది. ఎండీఆడమ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మెయిల్ అడ్రస్ లైన్ ఉంటుంది. అక్కడ మీరు రోజూ చూసే అడ్రస్ పెట్టండి. పెట్టి ఊరుకోకుండా మానిటర్ కమాండ్‌ని టెస్ట్ అనే ఆప్షన్‌తో నడిపి, మెయిల్ నిజంగా మీ ఫోన్‌కు వచ్చిందో లేదో చూడండి.

నేను చేసిన తప్పు చెప్తానన్నాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో, ఒక కాలేజీలో రెండు డిస్కుల మిర్రర్, అంటే రెయిడ్ 1. ఒకటి పడిపోయిందని కబురు వచ్చింది. వెళ్ళాను. ఎస్‌డీబీ పోయింది అని చూపిస్తోంది, అది లినక్స్ ఒక డిస్కుకు పెట్టుకునే పేరు. కింద ట్రేలో ఉన్నదే ఎస్‌డీబీ అనుకున్నాను, సీరియల్ నంబర్ చూడలేదు. మెషీన్ ఆపి, కింద డిస్కు తీసి, కొత్తది పెట్టి ఆన్ చేశాను. చక్కగా బూట్ అయింది. సింక్ పూర్తయింది. రెండు యూలు వచ్చాయి. తీసిన డిస్కును వారంటీకి పంపించేశాను. రెండు రోజుల తర్వాత ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి, "బాబూ, తొమ్మిది రోజుల ఫీజు ఎంట్రీలు కనిపించట్లేదు" అన్నారు. నేను తీసింది మంచి డిస్కు. పడిపోయి తొమ్మిది రోజులైన డిస్కు లోపల ఉండిపోయింది. ఒంటరిగా లేచింది కాబట్టి తనదే నిజమనుకుని, ఆ పాత డేటానే కొత్త డిస్కు మీదకు పంపింది. అసలు డేటా ఉన్న డిస్కు అప్పటికే ఊరు దాటిపోయింది, తిరిగి రాలేదు. రసీదు పుస్తకాల కార్బన్ కాపీలు ముందు పెట్టుకుని ముగ్గురు మనుషులు నాలుగు రోజులు కూర్చుని మళ్ళీ ఎక్కించారు. ఒక్క మాట కూడా నన్ను అనలేదు వాళ్ళు.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు. సర్వర్ కొత్తగా కట్టిన రోజే ప్రతి ట్రే మీద డిస్కు సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు అంటిస్తాను. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు రీస్టార్ట్ చేస్తే మారిపోవచ్చు, సీరియల్ నంబర్ మారదు. తీసిన డిస్కును కనీసం నెల రోజులు ఎవరికీ ఇవ్వను, ఫార్మాట్ చేయను. కొత్తది పెట్టే వీలుంటే పాతది ఇంకా పనిచేస్తున్నప్పుడే రీప్లేస్ కమాండ్ వాడతాను. ఫెయిల్ చేసి తీసేస్తే రీబిల్డ్ అయ్యేదాకా రక్షణ తగ్గిపోతుంది. రీప్లేస్ అయితే పాత డిస్కు చివరిదాకా గుంపులో ఉండగానే కొత్తది తయారవుతుంది. 4 టీబీ డిస్కు సెకనుకు 150 ఎంబీ వేగంతో రాసినా ఏడు గంటలకు పైనే. అందరూ వాడుకుంటున్న సర్వర్‌లో రోజు దాటొచ్చు. అన్ని గంటలు రక్షణ లేకుండా ఎందుకుండాలి?

నెలకొకసారి చెక్, అంటే అన్ని డిస్కులనూ చదివి సరిచూసే పని, నడవనివ్వండి. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లో అయితే నెలలో మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది. సర్వర్ నెమ్మదిస్తోందని దాన్ని ఆపేసిన ఆఫీసులు చూశాను. దయచేసి ఆపొద్దు. మూలన ఎవరూ తెరవని పాత ఫైల్ కింద చెడ్డ సెక్టార్ ఉంటే, అది రీబిల్డ్ రోజున బయటపడకూడదు. అన్ని డిస్కులూ బతికున్న రోజున బయటపడాలి. అయితే చెక్ చేశాక తేడాలున్నాయని అంకె వస్తే వెంటనే రిపేర్ కొట్టకండి. రెయిడ్ 5లో రిపేర్ అంటే ఉన్న డేటాకు తగ్గట్టు ప్యారిటీని మళ్ళీ రాయడమే. ఏ డిస్కు తప్పు చెప్తోందో దానికి తెలియదు. ముందు కేబుళ్ళు, మెమరీ, పవర్ సప్లై చూసుకోండి. కరెంట్ పోయినప్పుడు డేటా రాసి ప్యారిటీ రాయకుండా ఆగిపోవడం వల్ల కూడా ఇలాంటి తేడాలు వస్తాయి, కాబట్టి యూపీఎస్ లేకుండా రెయిడ్ 5 నడపొద్దు. యూపీఎస్ బ్యాటరీని ఏడాదికొకసారి ప్లగ్ తీసి పరీక్షించండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ఆ మధ్య వరుసలో అమ్మ అడుగుతున్నారు. వాళ్ళ సర్వర్‌లో హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు ఉందట, ఆన్ చేస్తే ఫారిన్ కాన్ఫిగరేషన్ అని వస్తోందట, ఇంపోర్ట్ నొక్కాలా క్లియర్ నొక్కాలా అని. అమ్మా, ముందు ఆ స్క్రీన్ ఫోటో తీసుకోండి. కార్డు తనకు తెలియని చీటీ డిస్కుల మీద కనిపించిందని చెప్తోంది. కార్డు పాడై కొత్తది వేశారా? అయితే డిస్కులన్నీ దానికి కొత్తే, ఇంపోర్ట్ చేయాలి, క్లియర్ చేస్తే చీటీలు పోతాయి. అలా కాకుండా అర్రే నడుస్తోంది, ఒక్క డిస్కే ఫారిన్ అని వస్తోంది అంటే, అది ఎప్పుడో పడిపోయి తిరిగి వచ్చిన డిస్కు అయ్యుండొచ్చు. ఇందాక చెప్పిన బి డిస్కు లాంటిది. దాన్ని ఇంపోర్ట్ చేయకండి. బ్యాకప్ చూసుకున్నాక, దాని ఒక్కదాని చీటీ చెరిపి కొత్త డిస్కులా రీబిల్డ్ చేయించండి. అలాగే కార్డు మీద బ్యాటరీ ఎలా ఉందో కూడా చూడండి. బ్యాటరీ పోతే కార్డు తన మెమరీలో రాత దాచుకోవడం మానేస్తుంది, సర్వర్ ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, అందరూ డిస్కుల మీద అనుమానపడతారు.

వెనక నుంచి స్టూడియో తమ్ముడు, నాలుగు డిస్కులుంటే ఏది వేయమంటారు అంటున్నాడు. 4 టీబీ డిస్కులు నాలుగైతే రెయిడ్ 5లో 12 టీబీ వస్తుంది, 6లోనూ 10లోనూ 8 టీబీ. ఎడిటింగ్ నడిచే మెషీన్‌కు 10 వేస్తాను, వేగంగా ఉంటుంది, రీబిల్డ్ కూడా ఒక జత వరకే. పాత పెళ్ళిళ్ళు దాచే మెషీన్‌కు 6 వేస్తాను. పెద్ద డిస్కులతో 5 నేను వేయను. ఏది వేసినా బ్యాకప్ వేరే ఉండాలి. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ ఆ డిలీట్‌ని కూడా అన్ని డిస్కుల మీదా నమ్మకంగా చేసేస్తుంది.

ఇంకొకరు, ఆ స్టూడియో వాళ్ళు ఇప్పుడెలా ఉన్నారని అడిగారు. ఇప్పుడు వాళ్ళది రెయిడ్ 6. ట్రేల మీద నంబర్లు ఉన్నాయి. ప్రతి పెళ్ళి ఫుటేజ్ ఒక బయటి డిస్కులో యజమాని ఇంట్లో ఉంటుంది. మెయిల్ ఆ కుర్రాడి ఫోన్‌కు వస్తుంది. పోయిన నెల రాత్రి పదకొండుకు అతని దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, ఒక డిస్కు పడిపోయిందని మెయిల్ వచ్చింది. ఎండీస్టాట్ ఫోటో, నాలుగు డిస్కుల ఎగ్జామిన్, స్మార్ట్ రిపోర్టులు నీకు పంపించాను. ఇంకేం ముట్టుకోలేదు" అన్నాడు. గొంతు ఈసారి వణకలేదు. 199 పెరిగింది, మిగతావన్నీ సున్నా. పొద్దున్నే కేబుల్ మార్చి, రీ-యాడ్, అంటే అదే డిస్కును మళ్ళీ గుంపులో చేర్చడం, చేయమన్నాను. వాళ్ళ అర్రేకి బిట్‌మ్యాప్ ఉంది, అంటే డిస్కు లేనప్పుడు ఏ భాగాలు మారాయో రాసిపెట్టుకునే పట్టిక. మొత్తం 4 టీబీ మళ్ళీ రాయక్కర్లేకుండా ఆ మారిన భాగాలే రాసుకుంది. నాలుగు నిమిషాల్లో యూ యూ యూ యూ అని ఫోటో పంపాడు.